కనుమల దారిలో తొందర యేల?

మనాలి నుండి లేహ్ నగరమునకు సైకిలుపై ఇన్ని దినములలోనే చేరితిమని చెప్పుకొను యువకుల సాహసము శ్లాఘ్యమే కాని, దినముల లెక్కతో పర్వతయాత్రను తూచు అలవాటు మాత్రము నాకు రుచింపదు. బారలాచా, నకీ, లాచులుంగ్ కనుమలను దాటి, 5,300 మీటర్లకు పైబడిన తంగ్‌లంగ్ కనుమను చేరునప్పటికి, సముద్రతీరమున శ్వాస కొకదానికి లభించు ప్రాణవాయువులో ఇంచుమించు సగమే దక్కును. కాలిపిక్కల బలిమి అచ్చట పూచీ కాదు, బలిష్ఠుడే తొందరపడి ముందుగా జబ్బుపడుటయు కద్దు.

3,000 మీటర్లు దాటిన పిమ్మట రాత్రి నిద్రించు తావును దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యులు చెప్పుదురు. అయినను, నడుమ పట్సియో, జింగ్‌జింగ్‌బార్ మజిలీలుండగా, జిస్పా గ్రామమున లేచి 4,200 మీటర్లకు పైనున్న సర్చూ గుడారములలో ఆ రాత్రియే పండుకొనవలెనని పట్టుపట్టుట ఏమి వివేకము?

సర్చూకు ఆవల గాటా మలుపులు 21 గలవు. మోటారులో పోవువాడు కునికిపాట్లు పడుచు దాటెడి ఆ చోట, సైకిలువాడు రొప్పుచు, దిగుచు, తోయుచు, ప్రతి మలుపునందును అడుగున సన్నగిలుచున్న త్సరప్ నదిని మరల చూచి నిలుచును. ఆ నిలుచుటయే, నా మతమున, యాత్రాఫలము.

2020లో 9 కిలోమీటర్ల అటల్ సొరంగము తెరచినది మొదలు లారీలు రోహ్‌తంగ్ పాతబాటను చాలవరకు విడిచినవి. సైకిలువారికి ఆ బాటయే తగినది. తలనొప్పి, వాంతులు తోచినచో ఆగుడు, తగ్గనిచో దిగుడు. సెలవు మరి మూడు దినములు హెచ్చుగా పెట్టుకొనియే బయలుదేరుడు.