బొమ్మల సేనకు శత్రువెవ్వరు?

వినాయక చవితికి కొన్ని నెలలు ముందుగా హైదరాబాదు నగరమందలి ధూల్‌పేటకు పోయి చూడుడు. ఇండ్ల ముంగిళ్లలోను, రేకుల పందిళ్ల క్రిందను, వీథుల ప్రక్కలను బొమ్మలే బొమ్మలు! ఒకచోట తొండము పెట్టని ముఖములు ఆరుచుండును. ఒకచోట చేతులు మాత్రము వరుసగా నిలిచియుండును. ఇంకొకచోట రంగు వేయని కిరీటములు గుట్టగా పడియుండును. ఈ పేటలోని పనివారిలో పెక్కుమంది పూర్వులు ఉత్తర హిందూస్థానమునుండి వచ్చి యిచ్చట స్థిరపడినవారు. చవితికి విగ్రహములు, సంక్రాంతికి గాలిపటములు చేయుట వారికి పెద్దలనాటినుండి వచ్చుచున్న బ్రతుకుతెరువు.

కొంతకాలముగా ఈ విగ్రహములలో ఒక వింత కానవచ్చుచున్నది. విఘ్నేశ్వరుడు ఏటికొక క్రొత్త వేషము ధరించుచున్నాడు. 2015లో బాహుబలి చలనచిత్రము వెలువడిన పిదప ఆయన శివలింగమును భుజమున నెత్తుకొని నిలిచెను. 2020లో కరోనా వ్యాధి ప్రబలిన పిమ్మట తెల్లకోటు తొడిగి వైద్యుడయ్యెను. సైనికుడైన వినాయకుడును కలడు; క్రికెట్టు ఆడు వినాయకుడును కలడు. “దేవునికి ఈ వేషములేల?” అని కొందఱు పెద్దలు నొచ్చుకొందురు. “పిల్లలు ముచ్చటపడుచున్నారు గదా!” అని మఱికొందఱందురు.

పూజకు సంబంధించిన ఈ తగవును తీర్చుట నా పని కాదు. అది పూజించువారి మనస్సునకు చెందినది. కాని బొమ్మలతో ఆడుకొను ప్రతి బాలునికిని, ప్రతి బాలికకును పనికివచ్చు ప్రశ్న యొకటి దీనిలో దాగియున్నది. పాతకథల లోకమును నేటి కాలమునకు తీసికొనిరావచ్చునా? తెచ్చినచో దేనిని మార్పవచ్చును, దేనిని మార్పరాదు? ఆ బొమ్మలతో యుద్ధపుటాట ఆడునప్పుడు శత్రుపక్షమున ఎవ్వరిని నిలుపవలయును?

తీసికొనిరావచ్చుననియే నా అభిప్రాయము. మనవారు ఈ పనిని ఏనాడో చేసిరి. పండుగకు బొమ్మలకొలువు తీర్చు ఇండ్లలో, తెల్లపొణికి కఱ్ఱతో చేసిన కొండపల్లి దశావతారముల సరసనే రైలుబండియు, పోలీసు జవానును, బడిపంతులును కొలువుదీరి యుండుట మీలో కొందఱు చూచియుందురు. 1957లో వెలువడిన మాయాబజార్ చలనచిత్రమున ‘ప్రియదర్శిని’ యను పెట్టె యొకటి కలదు. దాని మూత తెఱచినవారికి తమకు ప్రియమైనది అందు కానవచ్చును. తెలుగువారి యిండ్లకు టెలివిజను రాకముందే ద్వాపరయుగమునకు అట్టి యంత్రము చేరినదన్నమాట! 1977 నాటి యమగోల చిత్రమున యమకింకరులు సంఘము కట్టి తమ హక్కులకై సమ్మె చేసిరి. అది చూచి జనులు కడుపుబ్బ నవ్విరేగాని, పురాణము చెడినదని వగవలేదు.

ఈ కల్పనలు ఏల రాణించెను? వీనిని చేసినవారు వేషమును మాత్రమే గాక, ఆ లోకపు కట్టుబాటును గూడ ఎఱిగియుండిరి. ప్రియదర్శిని కనిపించినదానినెల్ల చూపదు. చూచువాని హృదయమున ఉన్నదానినే చూపును. యమలోకమున సమ్మె జరిగినను పాపపుణ్యముల లెక్క తప్పదు. లెక్క తప్పని చోట పని నిలిచిపోయినందుననే నవ్వు పుట్టినది. యముని కిరీటము తీసి టోపీ పెట్టినంతమాత్రమున ఎవ్వరును నవ్వరు. కావున క్రొత్తలోకమును కల్పింపదలచినవాడు మొదట పాతలోకపు ధర్మమును తెలిసికొనవలయును. ఇది మొదటి మాట.

ఇక యుద్ధపుటాటను గూర్చి. బొమ్మల సేనలను నడిపించుట మనకు క్రొత్త కాదు. రథ గజ తురగ పదాతులను గళ్ల బట్టమీద నడిపిన చతురంగము మన దేశమున పుట్టి, పారసీకమునకును, అరబ్బుల దేశములకును, అచ్చటినుండి ఐరోపాకును పోయినది. 1812లో ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను నతడు తమ రాజునకు బల్లమీద ఆడు యుద్ధక్రీడను చూపెను. అతని కుమారుడు 1824లో దానిని దేశపటములమీద ఆడునట్లు సంస్కరించి, పాచికలను, మధ్యవర్తిని చేర్చి నియమములు ప్రకటించెను. అది సేనానుల శిక్షణకు సాధనమయ్యెను. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ పిల్లల సీసపు సిపాయిలతో ఆడు ఆటకు నియమములు వ్రాసి ‘లిటిల్ వార్స్’ అను పుస్తకముగా ప్రకటించెను. బొమ్మలయుద్ధము నాడినవారికి నిజమైన యుద్ధమెంత తెలివిమాలిన పనియో తెలియగలదని ఆయన నమ్మకము. మఱుసటి యేడే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధము చెలరేగెను. మంచి ఆట యొకటి ఉన్నంతమాత్రమున లోకము బాగుపడదని దీనివలన తెలియుచున్నది.

పిమ్మట ఈ ఆటలోనికి కల్పితకథలు ప్రవేశించెను. 1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’, 1983లో ఇంగ్లండులో ‘వార్‌హామర్’ వెలువడెను. వామనులు, వనదేవతలవంటి వారు, రాక్షసులవంటి వారు వీనిలో సైనికులైరి. ఇట్టి బొమ్మలు సామాన్యముగా ఇరువది యెనిమిది మిల్లీమీటర్ల కొలతవి. అనగా బొటనవ్రేలి కణుపంత. కొలబద్దతో దూరము కొలిచి వానిని నడుపుదురు. పాచికలు వేసి దెబ్బ తగిలినదో లేదో నిర్ణయింతురు. 1987లో ఆ రెండవ ఆటవారే తమ రాక్షసులకు తుపాకులిచ్చి, అంతరిక్ష నౌకలెక్కించి, వేల యేండ్ల తరువాతి కాలమునకు పంపిరి. 1989లో ‘షాడోరన్’ అను నింకొక ఆట వారిని రానున్న కాలపు నగరవీథులలో నడిపించెను. పాతకథలోకమునకు క్రొత్తకాలపు రూపమిచ్చుట నేడు ప్రపంచమంతట జరుగుచున్న వినోదము.

ఇచ్చటనే ప్రమాద మొకటి పొంచియున్నది. పాతకథలో రాక్షసుడు దూరపువాడు. వానికి కోఱలుండును, కొమ్ములుండును. వాని ఊరు పాతాళము. వానిని నేటి కాలమునకు తెచ్చితిమా, వానికొక చొక్కా కావలయును, ఒక భాష కావలయును, కాపురముండుట కొక పేట కావలయును. ఎవ్వరి చొక్కా? ఎవ్వరి భాష? ఏ పేట? ఆడుకొను బాలుని చేయి తెలియకయే ప్రక్కవీథివాని టోపీవైపునకో, బొట్టువైపునకో, యాసవైపునకో పోవును. గుడియు, మసీదును ఒకే సందున నిలిచియుండు హైదరాబాదు పాతనగరమున ఇది చిన్న సంగతి కాదు.

“ఇది ఆటయే కదా! బొమ్మలకు ఇంత విచారమేల?” అని మీరడుగవచ్చును. దానికి ధూల్‌పేటయే ఉత్తరము చెప్పును. ఈ పేట పేరు విన్నంతనే విగ్రహములనుగాక, కాచిన గుడుంబాను తలచుకొన్న కాలమొకటి కలదు. ఆ వృత్తిలో కొందఱుండిన మాట నిజము. 2015 తరువాత ప్రభుత్వము దానిని మాన్పించి, విడిచినవారికి వేఱు జీవనోపాధి చూపుటకు పూనుకొనెను. కాని అంతవఱకును మట్టి పిసికి బ్రతుకువారికిని, గాలిపటములు కట్టువారికిని, బడికి పోవు పిల్లలకును ఆ చెడ్డపేరు పంచబడలేదా? నగరమంతటికిని దేవుని బొమ్మ నిచ్చు పేట, మాటలలో మాత్రము రాక్షసుల పేటయైనది. ఎవ్వరును పాచికలు వేయలేదు. ఎవ్వరును సేన నడుపలేదు. పేరు పెట్టిరి, అంతియే. పేరు పెట్టుట ఆటలో అలవాటైనచో, ఆట ముగిసిన తరువాత అది ఆగునని చెప్పగలమా?

“శత్రువు లేనిదే ఆట యెట్లు?” అనుట రెండవ ఆక్షేపణ. ఇది న్యాయమైన ప్రశ్న. కాని మన పురాణములే జన్మనుబట్టి శత్రుత్వమును నిర్ణయింపలేదు. ప్రహ్లాదుడు రాక్షసుని కుమారుడు. బలిచక్రవర్తి దాతలలో మేటి. విభీషణుడు రాక్షసకులమున పుట్టినవాడే. మాయాబజార్ చూచి పిల్లలెల్లరు మెచ్చుకొను ఘటోత్కచుడు హిడింబ కడుపున పుట్టినవాడే కదా! మన కథలలో రాక్షసత్వము ఒక జాతి గుర్తు కాదు. ఒక నడవడి గుర్తు. ఈ ధర్మమును విడిచి, వేషమును మాత్రము తెచ్చుకొన్నచో మనము పాతలోకమును క్రొత్తగా చేసినవారము కాము, చెఱచినవారమగుదుము.

అట్లయిన ఎట్టి ఆట కావలయును? నాకు తోచినదానిని చెప్పెదను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. వేలకొలది ప్రాణములు పోయెను. నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమందున్న చింతచెట్టు కొమ్మల నాశ్రయించి ఇంచుమించు నూటయేబది మంది బ్రతికిరి. ఆ కొమ్మలు ఎక్కినవారిని నీ కులమేది, నీ మతమేదియని చెట్టు అడుగలేదు. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నదుల కడ్డముగా కట్టలు కట్టిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియయ్యెను. అయినను 2020 అక్టోబరులో కురిసిన పెనువర్షమునకు నగరమున పెక్కు పేటలు మరల మునిగెను.

మన ఆటలో శత్రువు కాళీయుడు. భాగవతమున కృష్ణుడు కాళీయుని చంపలేదు; పడగలమీద నిలిచి, లొంగదీసి, మడుగు విడిచిపొమ్మనెను. నేటి కాళీయుని పడగలు వేఱు: పూడిన కాలువ యొకటి, ఆక్రమించిన చెఱువు ఒకటి, చెత్త నిండిన మోరీ యొకటి, హెచ్చరికను వినని అలసత్వ మొకటి. మన సేనలో పడవవాడు, ఇంజనీరు, పారిశుద్ధ్య కార్మికురాలు, దాది, మేడమీదికి ఇరుగుపొరుగును పిలుచు అవ్వ ఉందురు. పురానాపూల్ ఒక గడి. చింతచెట్టు ఒక గడి. పాచిక వేసిన కొలది వాన పెరుగును. ఒక్కొక్క ఎత్తు ఒక్కొక్క గంట. చంపినవారి లెక్క ఈ ఆటలో లేదు. కాపాడినవారి లెక్కనుబట్టియే గెలుపు. ఒక పడగను లొంగదీయవలెనన్న ఇద్దఱు బొమ్మలు రెండు వేర్వేఱు పేటలనుండి వచ్చి ఒకచోట నిలువవలయును. భయమునకు కొదవ లేదు, సాహసమునకు కొదవ లేదు. పొరుగువానిపై పగ మాత్రము లేదు.

ఇట్టి సేనకు ఖరీదైన బొమ్మలు అక్కఱలేదు. చెఱువు మట్టి గుప్పెడు చాలును. ప్లాస్టరు బొమ్మ నీటిలో తేలికగా కరగదు; మట్టిబొమ్మ కరగి మరల మట్టియగును. ఆట ముగిసిన పిదప సైనికుని, కాళీయుని ఒకే బిందెలో వేసిన, మఱునాటికి ఒకే ముద్ద మిగులును.

బాలబాలికలారా! మీరు ఈసారి వినాయకుని చూచినప్పుడు వేషముమీదనే చూపు నిలుపక, పాదములకడ నున్న ఎలుకను గూడ చూడుడు. ఆ ఎలుక ఒకప్పుడు అసురుడనియు, స్వామి వానిని లొంగదీసి వాహనముగా చేసికొనెననియు ఒక కథ చెప్పుదురు. ధూల్‌పేట పనివాడు స్వామికి ఏ క్రొత్తవేషము వేసినను ఆ ఎలుకను మఱచిపోడు. మీరు క్రొత్తలోకములను కల్పించునప్పుడు మీరును దానిని మఱవకుందురుగాక.