దెయ్యాలక్కూడా కులముంది

సెలవుల్లో వారం రోజులు వరసబెట్టి హారర్ సినిమాలు చూశాను. మధ్యమధ్యలో డాక్యుమెంటరీలు. పేపర్లు దిద్ది దిద్ది బుర్ర మొద్దుబారింది, కాసేపు భయపడదామని కూర్చున్నా. కోపమొచ్చింది. పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

ముందు 'విరూపాక్ష' (2023). తీసినవాళ్ళకి పనొచ్చు, ఒప్పుకోవాలి. రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే నాకూ ఒళ్ళు జలదరించింది. రుద్రవనం అనే ఊళ్ళో చేతబడి చేస్తున్నారని మొగుడూ పెళ్ళాల్ని ఊరంతా కలిసి తగలబెడుతుంది. పన్నెండేళ్ళకి చావులు మొదలవుతాయి. ఇప్పుడు మనం ఎవర్ని చూసి భయపడాలి? మనుషుల్ని తగలబెట్టిన ఊరిని చూసా? కాదట, కాలిపోయినవాళ్ళ కూతుర్ని చూసి. హీరో కాపాడేది కూడా ఆ ఊరినే.

'క్షుద్ర' అనే మాటకి నిఘంటువు తిరగేయండి. అల్పం, నీచం అని ఉంటుంది. గుళ్ళో చదివితే మంత్రం, ఊరి బయట చదివితే క్షుద్రం. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కదా, మాటల దగ్గర ఆగకుండా ఉండలేను.

మా నాయనమ్మ పసరు వైద్యం చేసేది. తేలు కుట్టినా, కామెర్లొచ్చినా ఊళ్ళోవాళ్ళు చీకటి పడ్డాక మా వాడకొచ్చి, గుమ్మం అవతలే నిలబడి పిలిచేవాళ్ళు. ఒక ఏడు ఎవరివో రెండు గేదెలు చచ్చిపోయాయి. అదే ఊరు ఆమెని అనుమానించి రామాలయం అరుగు ముందుకి పిలిపించింది. అక్కడేం జరిగిందో మా నాన్న ఇప్పటికీ పూర్తిగా చెప్పడు. ఇంటికొచ్చి పసరు నూరే రాయిని చెరువులో పడేసిందని మాత్రం చెప్తాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా "నాకేం రాదు నాయనా" అనేదట. సినిమాలో ఆ మంట కనబడినంతసేపూ నాకు ఆ రాయే గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. ఆ కథ ఎక్కువగా నడిచేది 1991లో. అదే 1991లో అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఏం జరిగిందో మా క్లాసులో సగం మందికి తెలీదు. సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు అగ్రకులస్థుడికి తగిలింది. గొడవ అక్కడ మొదలైంది, సినిమా హాల్లో! ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న తరిమి తరిమి 8 మందిని చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. రుద్రవనానికి అష్టదిగ్బంధనం వేస్తే మనకి థ్రిల్. ఒక వాడ మొత్తాన్ని కట్టేస్తే మాత్రం ఎవరికీ స్క్రిప్టు కనబడదు.

'అరుంధతి' (2009) కూడా మళ్ళీ చూశా. అరుంధతి తమ ఇంటి ఆడబిడ్డని మాదిగ పెద్దలు చెప్పుకుంటారు. సినిమాలో ఆ పేరు గద్వాల సంస్థానం ఆడపిల్లది. పోనీలెండి.

కాస్త దగ్గరికొచ్చింది మలయాళం 'భ్రమయుగం' (2024). బానిసత్వం నుంచి పారిపోతున్న పాణన్ కులపు పాటగాడు ఒక పోట్టి ఇంట్లో చిక్కుకుంటాడు. పోట్టి మర్యాదగా కూర్చోబెట్టి పాచికలాట ఆడిస్తాడు. పందెం ఏంటంటే ఇతని కాలం. ఓడిపోతే ఇక ఆ ఇంట్లోంచి కదలకూడదు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన మన పిల్లలెవర్నైనా అడగండి, ఆ ఆట ఎట్లా ఉంటుందో చెప్తారు.

ఆ పాటగాణ్ణి చూసిన మర్నాడే ఆనంద్ పట్వర్ధన్ 'జై భీమ్ కామ్రేడ్' (2011) పెట్టుకున్నా. 1997 జూలైలో ముంబై రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. నిరసనకి దిగిన జనం మీద పోలీసులు కాల్చారు. 10 మంది పోయారు. అది చూసి తట్టుకోలేక విలాస్ ఘోగ్రే అనే పాటగాడు ఉరేసుకున్నాడు. పట్వర్ధన్ 14 ఏళ్ళు తీశాడు ఆ సినిమా.

దెయ్యం అంటే ఏంటి? అన్యాయంగా చచ్చి, లెక్క తేల్చుకోడానికి తిరిగొచ్చే మనిషి. మరి మనవాళ్ళు ఎందుకు రారు తెలుగు తెర మీదికి? చుండూరు కాలవలోంచి ఒక్కరు లేచొస్తే ప్రేక్షకుడు ఎవరి పక్షాన భయపడాలో తేల్చుకోవాల్సొస్తుంది. ఆ ఇబ్బంది మన దర్శకులకి అక్కర్లేదు.

"సార్, సినిమాని సినిమాలా చూడండి" అన్నాడు ఒక స్టూడెంట్. సరే తమ్ముడూ, శనివారం సాయంత్రం హాస్టల్లో రెండూ చూద్దాం, ముందు రుద్రవనం, తర్వాత రమాబాయి నగర్. వార్డెన్ ప్రొజెక్టర్ ఇవ్వకపోతే మా ఇంట్లో. రెండోది మూడు గంటల పైనే ఉంటుంది, తినేసి రండి.

జై భీమ్.