పప్పులో కలిపే మాత్ర



గత నెల మాకు అందిన ఉత్తరములలో ఒకదానికి ఆ సాయంత్రమే జవాబు వ్రాసి పోస్టు చేశాము. సంచిక వెలువడేవరకు ఆగదగిన ప్రశ్న కాదది. ఆ సహోదరి అనుమతితోనే ఇప్పుడు ఈ పేజీలో ఆ సంగతి వ్రాస్తున్నాము. ఊరు, పేరు చెప్పము. గుర్తుపట్టగల వివరములు కొన్ని మార్చాము.

ఆమె భర్త తాపీ మేస్త్రి. పెండ్లియై పదమూడేండ్లు, ఇద్దరు పిల్లలు. మొదట శనివారము కూలి డబ్బులు చేతికొచ్చిన రోజున మాత్రమే తాగేవాడట. ఇప్పుడు ఉదయము లేవగానే చేతులు వణుకుతున్నాయి. కాస్త పడితేగాని తాపీ పట్టుకోలేడు. మందిరమునకు రావడము మానేసి రెండేండ్లయింది. "అయ్యగారూ, అమ్మగారూ, మా పక్కింటావిడ ఒక మాత్ర చెప్పింది. పప్పులో కలిపి పెడితే వారము తిరిగేసరికి మానేస్తారట. ఆయనకు తెలియనక్కరలేదట. కలపమంటారా?" అని అడిగారు. చివర ఇంకొక మాట వ్రాశారు: "ఉపవాస ప్రార్థన చేస్తే చాలు, డాక్టరు దగ్గరకు వెళ్లడము అవిశ్వాసము అని మా సంఘములో కొందరంటున్నారు. ఆయన ఎటూ వచ్చేట్టు లేరు. నేనేమి చేయాలి?"

మాత్ర సంగతి మొదట చెప్పుకుందాము. వద్దు సహోదరీ, కలపవద్దు. ఇలా చాటుగా కలిపే మాత్ర సాధారణముగా డైసల్ఫిరామ్ అనే మందు. అది ఒంట్లో ఉండగా మద్యము తాగితే ముఖము ఎర్రబడి, గుండె దడ, వాంతులు వచ్చి, రక్తపోటు పడిపోతుంది. ప్రాణమే పోవచ్చు. మాత్ర ఆపిన తరువాత కూడా రెండు వారముల వరకు ఈ ప్రమాదము ఉంటుంది. డాక్టర్లు దీనిని వాడతారు. అయితే రోగికి అన్నీ చెప్పి, అతడు ఒప్పుకున్న తరువాత, గుండె, కాలేయము ఎలా ఉన్నాయో చూసి వాడతారు. తాను ఏమి మింగాడో తెలిసినవాడు గ్లాసు ముట్టుకొనేముందు ఆగుతాడు. తెలియనివాడు ఎందుకు ఆగుతాడు? రోజూ తాగినంతా తాగుతాడు. పైగా ఎప్పటికైనా సంగతి బయటపడుతుంది. ఆ రోజునుండి మీరు వడ్డించిన అన్నము ఆయన అనుమానముగా చూస్తాడు.

ఇక ఉపవాస ప్రార్థన మాట. దీనికి జవాబు చెప్పాలంటే మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

చాలా ఏండ్ల క్రితము మేము పరిచర్య చేసిన పల్లె సంఘములో, నలుబది ఏండ్లు దాటిన ఒక సహోదరుడు ఆరాధన అయ్యాక ముందుకు వచ్చి, ఈ రాత్రినుండి ముట్టను అన్నాడు. మాకు సంతోషము పట్టలేదు. మందిరము పక్క గదిలో అతణ్ణి ఉంచి మూడు దినములు ఉపవాస ప్రార్థన పెట్టాము. మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. తలుపు దగ్గర ఇద్దరు యౌవనస్థులు కాపలా. రెండవ సాయంకాలానికి ఒళ్లంతా చెమట, వణుకు. గోడమీద చీమలు పాకుతున్నాయన్నాడు; గోడమీద ఏమీ లేదు. ఇది ఆత్మీయ పోరాటము అనుకొని మేము ఇంకా గట్టిగా ప్రార్థన చేశాము. మూడవనాడు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాము. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మమ్మల్ని వరండాలో నిలబెట్టి, "తిండి, మందు లేకుండా ఇతణ్ణి గదిలో పెట్టిందెవరు?" అని అడిగింది. మా దగ్గర సమాధానము లేదు. అతడు బ్రతికాడు. బ్రతకకపోయి ఉంటే ఈ పేజీ వ్రాయడానికి మాకు ముఖము ఉండేది కాదు.

ఆ తరువాత నేర్చుకున్నాము. ఏండ్ల తరబడి రోజూ తాగినవారి మెదడు, నరములు మద్యమునకు అలవాటుపడి ఉంటాయి. హఠాత్తుగా ఆపితే కొన్ని గంటలలోనే వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజులలో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి చెదరి, లేనివి కనబడవచ్చు. అందరికీ ఇంత తీవ్రముగా రాదు. ఉదయమే చేతులు వణికేవారికి వచ్చే అవకాశము ఎక్కువ, మీ భర్త అలాంటివారే. ఆసుపత్రిలో దీనికి వైద్యమున్నది. వణుకును అదుపుచేసే మాత్రలిచ్చి కొన్ని రోజులలో తగ్గించుకుంటూ వస్తారు, బి-1 విటమిను ఇస్తారు, కనిపెట్టుకొని ఉంటారు. మన రాష్ట్రములో 1992లో దూబగుంట స్త్రీలతో లేచిన సారా వ్యతిరేకోద్యమము 1995లో సంపూర్ణ మద్యనిషేధము వరకు వెళ్లింది. 1997లో అది సడలిపోయింది. అంగడి మూయించడము ఎంతో గొప్ప సంగతే. ఒంటికి పట్టిన అలవాటుకు మాత్రము వైద్యము వేరుగా కావాలి.

వైద్యుని దగ్గరకు పోవుట అవిశ్వాసమైతే, లూకా వైద్యుడని లేఖనము చెప్పిన మాటను మనము ఎక్కడ పెట్టుకోవాలి? బదరీవృక్షము క్రింద చావు కోరుకున్న ఏలీయాకు మొదట దొరికినది ప్రసంగము కాదు, రొట్టె, నీళ్లు, నిద్ర. ప్రార్థన మానమని మేము ఎవరికీ చెప్పము. ఆసుపత్రి వరండాలో కూర్చుని కూడా ప్రార్థన చేసుకోవచ్చు.

ఎవరి దగ్గరకు వెళ్లాలి? సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మానసిక వైద్యము చదివిన డాక్టరు, మందులు వ్రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా, పరీక్షల ద్వారా చికిత్స చేస్తారు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి, ఆ నంబరు అడగవచ్చు. కౌన్సిలర్ అని బోర్డు పెట్టినవారిలో బాగా శిక్షణ పొందినవారున్నారు, ఏ శిక్షణా లేనివారూ ఉన్నారు. భార్యాభర్తల పోట్లాటలకో, పిల్లవాడి పరీక్షల భయానికో మొదట సైకాలజిస్టు దగ్గరకు వెళ్లవచ్చు. మీ ఇంటి విషయములో మొదటి తలుపు సైకియాట్రిస్టుదే. ఒళ్లు కుదుటపడ్డాక మాటల చికిత్స చాలాకాలము సాగాలి.

ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగమున్నది, ఓ.పి. చీటీ తీసుకొని వెళ్లవచ్చు. విశాఖలో చినవాల్తేరు, హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రులున్నాయి. ఎర్రగడ్డ అనే పేరును మనమే ఎగతాళికి వాడి పాడుచేశాము, లేకపోతే అక్కడ మేలు పొందినవారు ధైర్యముగా చెప్పుకొనేవారు. చిత్తూరు వైపువారు వేలూరు సి.ఎం.సి.కి వెళ్తుంటారు; బాగాయములోని వారి మానసిక వైద్యశాలలో రోగితోపాటు ఇంటివారు ఒకరు ఉండడము పద్ధతి. బయలుదేరేముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు అలవాట్ల కొరకే 14446 ఉన్నది.

ప్రైవేటుగా వెళ్తే మొదటి రోజే అడగండి: ఏమి చదివారు, తాగుడు ఉన్నవారిని ఎంతకాలముగా చూస్తున్నారు, ఎన్నిసార్లు రావాలి, ఫీజు ఎంత. అడిగినందుకు కోపగించుకొనేవారి దగ్గర, వారములో మాన్పిస్తామని మాట ఇచ్చేవారి దగ్గర ఉండవద్దు. రెండు మూడుసార్లు వెళ్లినా మనసు విప్పలేకపోతే ఇంకొకరిని వెదకండి, అది తప్పు కాదు. డి-ఎడిక్షన్ సెంటరులో చేర్చేముందు రిజిస్ట్రేషన్ కాగితము చూపమనండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము మనిషిని ఏ రూపముగానూ గొలుసులతో కట్టకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు గృహము తగులబడినప్పుడు గొలుసులతో కట్టబడి తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. ప్రార్థన పేరుతో మనవారు నడిపే గృహములకు కూడా ఇదే చట్టము వర్తిస్తుంది.

మీరు చెప్పినది రహస్యముగా ఉంచడము వారి బాధ్యత అని ఆ చట్టములోనే ఉన్నది. ఈ ఒక్క సంగతిలో మన సంఘములు వెనుకబడి ఉన్నాయని చెప్పక తప్పదు. గృహ కూడికలో ప్రార్థన మనవిగా చెప్పిన మాట తెల్లవారేసరికి బోరింగు దగ్గర వినబడుతుంది. అందుకే చాలామంది అక్కచెల్లెళ్లు నోరు విప్పరు.

భర్త రానంటే? మీరే వెళ్లండి, సహోదరీ. ఒంటరిగా వెళ్లినా డాక్టరు మాట్లాడతారు: ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, అప్పులు మీరు తీర్చాలా వద్దా అన్నవి నేర్పుతారు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడికలు మన పెద్ద పట్టణములలోనూ జరుగుతున్నాయి, రుసుము లేదు. ఇంటివారి కొరకు 1951లో మొదలైన అల్-అనాన్ వేరుగా ఉన్నది. ఆయన చేయి చేసుకుంటుంటే మాత్రము ఇద్దరూ కలిసి కౌన్సిలింగుకు కూర్చోవద్దు. ముందు మీరు, పిల్లలు క్షేమముగా ఉండే చోటు చూసుకోండి. స్త్రీల సహాయమునకు 181 ఉన్నది, 2005 గృహహింస చట్టమున్నది. సర్దుకుపొమ్మని ఇటువంటి చోట చెప్పే పెద్దల మాట వినవద్దు.

మీ పెద్దమ్మాయి నాన్న ఇంటికి వచ్చేదాకా నిద్రపోదని వ్రాశారు. ఆ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని, నాన్న తాగడము నీ వల్ల కాదు అని ఒక్కసారైనా చెప్పండి. పిల్లలు తమవల్లే అనుకుంటారు, పైకి అనరు.

ఈ పేజీ అచ్చుకు పంపుతుండగా ఆ సహోదరి రెండవ ఉత్తరము వచ్చింది. మాత్ర కొనలేదు. మంగళవారము పని మానుకొని, తోడుగా పాస్టరమ్మగారితో పెద్దాసుపత్రికి వెళ్లివచ్చారు. డాక్టరు గంటలో సగము సేపు ఆమె మాటే విన్నారట. ఆ రాత్రి భర్తతో ఉన్నదున్నట్టు చెబితే, ఆయన చాలాసేపు ఊరుకొని, "ఒప్పుకున్న ఇల్లు స్లాబు వేశాక వస్తాను" అన్నాడట. స్లాబు వచ్చే నెల మొదటి వారములో.