కోసే చెయ్యి మాది, సంఘం మీదా?

ఏ జిల్లా ఆస్పత్రికైనా పొండి. మార్చురీ ఎక్కడని ఎవర్నీ అడగనక్కర్లేదు. వెనకాల, ప్రహరీ గోడకి ఆనుకొని, చెత్తకుప్ప పక్కన ఉంటుంది. ఊరికి వెలివాడ ఎలాగో ఆస్పత్రికి మార్చురీ అలాగ. ఆ గదిలో పనిచేసే మనిషి కులం కూడా అడగనక్కర్లేదు. ఎక్కువచోట్ల మనోడే. మాదిగో, మాలో, రెల్లో, మెహతరో అయ్యుంటాడు. రికార్డులో స్వీపరనో, తోటీ అనో, ఎమ్మెన్వో అనో, ఈమధ్య అయితే అవుట్‌సోర్సింగ్ అనో రాసుంటుంది. శవపరీక్ష చేసే మనిషని మాత్రం ఎక్కడా రాసుండదు.

మరి చేసేదెవరు? గొంతు కింద నుంచి పొత్తికడుపు దాకా కోసేది అతను. ఉలీ సుత్తీ పట్టుకొని పుర్రె తెరిచేది అతను. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం బయటికి తీసి బల్ల మీద పెట్టేది అతను. విషం అనుమానం ఉంటే పొట్ట, చిన్నపేగు ముక్క, కాలేయం, మూత్రపిండాలు ఉప్పునీళ్ళ సీసాల్లోకి ఎత్తేది అతను. మళ్ళీ కుట్టి, కడిగి, తెల్లగుడ్డ చుట్టి మన చేతికిచ్చేదీ అతనే. చాలాచోట్ల డాక్టరు గారు ముక్కుకి గుడ్డ కట్టుకొని నాలుగడుగుల దూరాన నిలబడి రాసుకుంటారు. అందరూ అలాంటోళ్ళని మేం అనం. తామే కత్తి పట్టే డాక్టర్లున్నారు, వాళ్ళకి మా దండాలు. కానీ కాగితం మీద సంతకం ఎవరు కోసినా డాక్టరు గారిదే. కోర్టు పిలిచేదీ ఆయన్నే.

ఈ ఫోరెన్సిక్ వృత్తివాళ్ళకి సంఘాలున్నాయి. దేశం మొత్తానికి 1972 నుంచి ఇండియన్ అకాడమీ ఆఫ్ ఫోరెన్సిక్ మెడిసిన్ ఉంది. దక్షిణాదికి వేరే మెడికో లీగల్ అసోసియేషన్ ఉంది. సదస్సులు పెట్టుకుంటారు, పత్రికలు వేసుకుంటారు, వ్యాసాలు చదువుకుంటారు. మంచిదే. ఏ సంఘంలోనైనా కార్యదర్శికి ఉండే ఏడుపు ఒకటే: సభ్యులు చందా కడతారు గానీ పనికి రారు, పాల్గొనరు అని. మేం అంతకంటే ముందు ప్రశ్న అడుగుతున్నాం. అసలు మీ సభ్యులెవరు? మీ జాబితాలో మార్చురీ పనివాడి పేరు ఒక్కటుంటే చూపించండి. ముప్పయ్యేళ్ళు శవాలు కోసిన మనిషి ఫోరెన్సిక్ వాడు కాకపోతే ఎవరు ఫోరెన్సిక్ వాడు?

ఇది ఇవాళ పుట్టిన రోగం కాదు. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా అనే వైద్య కులస్తుడు శవాన్ని ముట్టుకొని కోశాడట. ఆ సాహసానికి కోట మీద ఫిరంగులు పేల్చారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అంతకు ముందు ఎన్ని వందల ఏళ్ళుగా డోములు, మాదిగలు, మాలలు శవాల్ని మోశారు, కాల్చారు, పూడ్చారు? ఒక్క ఫిరంగి పేలిందా? పెద్దకులమోడు ముట్టుకుంటే శాస్త్రం, మనం ముట్టుకుంటే మైల! ఆ ఫిరంగి మోత ఈ సంఘాల గుమ్మాల దగ్గర ఇంకా వినపడుతోంది.

ఇదేదో ఉద్యోగుల గొడవ, మన పల్లెకేం సంబంధం అనుకోకండి. సంబంధం ఉంది. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని నియమాలు 1995లో వచ్చాయి. 2016లో మార్చిన నియమాల ప్రకారం హత్యకి గురైన మనిషి కుటుంబానికి 8 లక్షల 25 వేల రూపాయలు రావాలి. అందులో సగం ఎప్పుడు? పోస్టుమార్టం అయ్యాక. మిగతా సగం ఛార్జిషీటు కోర్టుకి వెళ్ళాక. మానభంగం కేసులో 5 లక్షలు. అందులో సగం వైద్యపరీక్ష జరిగి, రిపోర్టు దాన్ని నిర్ధారించాక. అంటే మన బిడ్డ శవం మీద, మన ఆడబిడ్డ ఒంటి మీద ఆ గదిలో ఏం చూశారు, ఏం రాశారు అన్నదాని మీదే కూడూ గుడ్డా ఆధారపడి ఉన్నాయి. శిక్ష సంగతి సరేసరి.

చుండూరు గుర్తుందా? 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో తోశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయిన సమయం కచ్చితంగా తేల్చలేదు, చోటు తేల్చలేదు, కొట్టినోళ్ళు ఎవరో తేల్చలేదు అంది. నీళ్ళలో నానిన శవం ఎప్పుడు చచ్చిందో చెప్పాల్సింది ఎవరు? కూలికెళ్ళిన మా అవ్వలా? ఆ శాస్త్రం చదివింది ఎవరు?

ఖైర్లాంజీ చూడండి. 2006 సెప్టెంబరు 29న మహారాష్ట్ర భండారా జిల్లాలో ఒక దళిత కుటుంబంలో నలుగుర్ని చంపారు. మొదటి పోస్టుమార్టం ఒక జూనియర్ డాక్టరుతో చేయించారు. ఆడవాళ్ళ మీద అఘాయిత్యం జరిగిందా అని సరిగా చూడలేదు. శవాల్ని మళ్ళీ తవ్వి తీశారు, డాక్టర్ని సస్పెండు చేశారు. అప్పటికి సాక్ష్యం మట్టిలో కలిసిపోయింది. ఆఖరికి కోర్టులో మానభంగమూ నిలబడలేదు, అట్రాసిటీ చట్టమూ నిలబడలేదు. మన దగ్గర? 2017లో మంథని దగ్గర ఒక దళిత యువకుడు పురుగుమందు తాగి చచ్చాడని పోలీసులన్నారు, చంపారని ఇంటివాళ్ళన్నారు. హైకోర్టు చెబితే గానీ రెండోసారి పోస్టుమార్టం జరగలేదు. 2021 జూన్‌లో అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత స్త్రీ ప్రాణం పోతే అప్పుడూ మళ్ళీ పోస్టుమార్టం కోసం హైకోర్టు గడపే తొక్కాల్సొచ్చింది. ప్రతిసారీ రెండోసారి ఎందుకు తవ్వాలి? మొదటిసారే కళ్ళు తెరిచి ఎందుకు చూడరు?

ఇక్కడే సంఘం పని మొదలవుతుంది. ఒంటరి డాక్టరు మీద ఎస్సై వత్తిడి ఉంటుంది, ఎమ్మెల్యే ఫోనుంటుంది, బదిలీ భయం ఉంటుంది. మాకు తెలుసు. అందుకే కదా సంఘం కావాల్సింది! హత్రాస్‌లో ఏం జరిగింది? 2020 సెప్టెంబరు 14న పిల్ల మీద దాడి. ల్యాబు రిపోర్టులో వీర్యం లేదు కాబట్టి మానభంగం జరగలేదని ఉత్తరప్రదేశ్ పోలీసు పెద్ద ఒకాయన ప్రకటించాడు. నమూనాలు తీసిందే పదకొండు రోజులకి, నాలుగు రోజులు దాటితే వాటితో తేలేదేం లేదని అలీగఢ్ మెడికల్ కాలేజీ క్యాజువాలిటీ డాక్టరొకాయన పత్రికలకి చెప్పాడు. నెల తిరక్కుండా ఆయన్నీ, ఇంకో డాక్టర్నీ పనిలోంచి పొమ్మన్నారు. అక్కడి రెసిడెంట్ డాక్టర్ల సంఘం లేచింది, సమ్మె చేస్తామంది. ఆ ఉత్తర్వు వెనక్కిపోయింది. కేసు ఎలా ముగిసిందో వేరే కథ. 2023 మార్చిలో ఒక్కడికే శిక్ష పడింది, అదీ మానభంగానికి కాదు. కానీ నిజం చెప్పిన డాక్టరు వీధిన పడకుండా ఆపింది సంఘమే. సభ్యులు పాల్గొనడమంటే మేం చెప్పేది అదీ. సదస్సులో బ్యాగు, భోజనం కూపన్లు తీసుకొని ఫొటో దిగడం కాదు.

ఫోరెన్సిక్ వాళ్ళలోనే కదిలినవాళ్ళున్నారు. వార్ధా సేవాగ్రాం మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ ప్రొఫెసరు ఇంద్రజిత్ ఖాండేకర్ రెండువేళ్ళ పరీక్ష అనే అసహ్యపు పద్ధతి మీద 2010లోనే నివేదిక రాశాడు. 2013లో సుప్రీంకోర్టు ఆ పరీక్ష ఆడమనిషి గౌరవానికి భంగమంది. 2014లో కేంద్రం వద్దని మార్గదర్శకాలిచ్చింది. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని మెడికల్ పాఠాల్లోంచే తీసెయ్యమంది. ఒక్క ప్రొఫెసరు కదిలితే కొంత కదిలింది. వందలమంది సభ్యులున్న సంఘాలు కదిలితే?

"మాది సైన్సు, దానికి కులం లేదు" అని డాక్టరు బాబులు అంటారు. సంతోషం. సైన్సుకి కులం లేకపోతే సైన్సు చేసే గదిలో కత్తి పట్టేదొక కులం, కలం పట్టేదొక కులం ఎలా అయ్యాయి? ఇంగ్లండులో మార్చురీ పనివాళ్ళకి చదువుంది, సర్టిఫికెట్టుంది, టెక్నీషియన్ అన్న పేరుంది, వాళ్ళకే సొంత వృత్తి సంఘం ఉంది. ఇక్కడ మనోడికి సరైన గ్లౌజులు లేవు. క్షయ, కామెర్లు అంటుకునే పని, టీకా వేశారో లేదో అడిగేవాడు లేడు. కంపు తట్టుకోలేక తాగుతాడు, తాగాడు కాబట్టి తాగుబోతంటారు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. శవం ఇచ్చేటప్పుడు మనోడే మన దగ్గర డబ్బులడుగుతాడు. నిజమే, కొడుకు పోయిన తల్లి కొంగు ముడి విప్పాల్సి రావడం తప్పే. కానీ కాంట్రాక్టరు నెలల తరబడి జీతం ఇవ్వడు. దారం, బ్లేడు, గుడ్డ కూడా చాలాచోట్ల అతనే కొనుక్కుంటాడు. ఆ సిగ్గు అతనొక్కడిదేనా, ఆస్పత్రిది కాదా?

అతనికి తెలిసింది తక్కువా? ఉరిపోసుకున్న మెడ మీద తాడు మచ్చ సాధారణంగా పైకి వాలుగా పోయి ముడి దగ్గర తెగిపోతుంది. తాడేసి బిగించి చంపితే మచ్చ కిందగా, మెడ చుట్టూ అడ్డంగా, తెగకుండా ఉండడం ఎక్కువ. చంపేసి ఉరికి వేలాడదీసిన శవాలు మన వాడల్లో తక్కువేం కాదు. ఆ మచ్చ కింద కండ కమిలిందా లేదా అని తోలు తీసిన మనిషికి ముందు కనపడుతుంది. అతను చెప్పింది వినే గది కావాలి. చెప్పినా ఉద్యోగం పోదన్న ధీమా కావాలి. ఈ రెండూ సభ్యత్వం వల్ల వస్తాయి, దయ వల్ల రావు.

2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లోకొచ్చాయి. ఏడేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరం జరిగిన చోటికి రావాలట. ఇది మొదలుపెట్టడానికి రాష్ట్రాలకి ఐదేళ్ళ గడువిచ్చారు. అంటే ఈ వృత్తివాళ్ళ బలం ఇంకా పెరుగుతుంది. మా వాడలో హత్య జరిగితే ఆ నిపుణుడు జీపు దిగి ముందు ఎవరి అరుగు మీద కూర్చుంటాడు? ఎవరింట్లో మజ్జిగ తాగుతాడు? శవ పంచనామాకి ఇరుగుపొరుగులో గౌరవనీయులైన ఇద్దరిని పిలవాలని పాత చట్టంలో ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది. గౌరవనీయులంటే పోలీసులకి ఇన్నాళ్ళూ పెద్దవీధే గుర్తొచ్చింది. నిపుణుడు కూడా ఆ దారే పడితే కొత్త చట్టం వచ్చి మాకు ఒరిగిందేంటి?

రిజర్వేషన్ సీటులో చదివి ఫోరెన్సిక్ డాక్టర్లయిన మన అన్నలు, అక్కలు కొందరున్నారు. వాళ్ళతో ఒక మాట. మీరా సంఘాల్లో సభ్యులు. అంబేద్కర్ జయంతికి దండ వేసి రావడంతో సరిపెట్టకండి. వార్షిక సమావేశంలో లేచి నిలబడి తీర్మానం పెట్టండి. మార్చురీ సహాయకులకి శిక్షణ, హోదా, సంఘంలో సభ్యత్వం, ఓటు హక్కు ఇవ్వాలని. అట్రాసిటీ కేసుల పోస్టుమార్టం అనుభవమున్న ఫోరెన్సిక్ డాక్టర్లే చెయ్యాలని, వీడియో తియ్యాలని. లాకప్ చావులకి వీడియో తియ్యాలని మానవ హక్కుల కమిషన్ 1995లోనే చెప్పింది, కులహత్యలకి ఎందుకు కూడదు? నిజం రాసిన సభ్యుడి మీద చెయ్యేస్తే సంఘం మొత్తం నిలబడాలని. తప్పుడు రిపోర్టు రాసిన సభ్యుణ్ణి సంఘమే నిలదియ్యాలని. అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ దళితేతర ప్రభుత్వోద్యోగి నిర్లక్ష్యానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలంటోంది. 2015 సవరణ పత్రాలు సరిగ్గా తయారు చెయ్యడాన్ని కూడా ఆ విధుల్లో చేర్చింది. ఇది మీ సదస్సులో ఒక పూట పాఠంగా చెప్పండి. తీర్మానం ఓడిపోతుందంటారా? ఓడిపోనివ్వండి. ఎవరెవరు చెయ్యెత్తలేదో మినిట్స్ పుస్తకంలో ఉంటుంది.

ఇక మన కార్యకర్తలు. ఊళ్ళో అనుమానపు చావు జరిగితే శవం కదలకముందే పంచనామాకి మనవాళ్ళిద్దరు కూర్చోవాలి. ఒంటి మీది ప్రతి గాయం రాశారో లేదో చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వెయ్యొద్దు. పోస్టుమార్టం ఎవరు చేశారు, డాక్టరు లోపలున్నారా బయటున్నారా, ఎన్నింటికి మొదలెట్టి ఎన్నింటికి ముగించారు, సీసాలు ల్యాబుకి ఏ తేదీన పంపారు, అన్నీ నోటుబుక్కులో ఎక్కించండి. రిపోర్టు కాపీ కావాలని అర్జీ రాసిచ్చి రసీదు తీసుకోండి. మార్చురీ అన్నతో కసురుకోకుండా మాట్లాడండి, అతను మన మనిషి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఆ పని చేసేవాళ్ళ పేర్లు, ఎన్నేళ్ళ సర్వీసు, ఏ పోస్టు కింద జీతం వస్తోంది, ఈ లెక్క తీసి మాకు పంపండి. ఫోరెన్సిక్ వాళ్ళ సదస్సు మన చుట్టుపక్కల ఎక్కడ పెట్టినా ఆ అన్నల్ని వెంటబెట్టుకొని వెళ్దాం. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర సభ్యత్వ ఫారం అడుగుదాం. ఇవ్వమంటే ఎందుకివ్వరో కాగితం మీద రాసివ్వమందాం.