బొగ్గు సెస్సు పోయింది, మనకు ఒరిగిందేమిటి?



2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. రేట్లు మారినప్పుడు సబ్బులు, టూత్‌పేస్టులు చవకయ్యాయని పత్రికలన్నీ రాశాయి. అదే రోజు బొగ్గు మీద టన్నుకు 400 రూపాయల సెస్సు కూడా రద్దయింది. బదులుగా బొగ్గు మీద జి.ఎస్.టి.ని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. లెక్క సరిపోయింది కదా అంటున్నారు కొందరు. సరిపోలేదు. టన్ను 1,500 రూపాయల బొగ్గు తీసుకోండి. పాత పద్ధతిలో 75 రూపాయల జి.ఎస్.టి., 400 సెస్సు, వెరసి 475. ఇప్పుడు 270. టన్ను ధర సుమారు 3,000 దాటితేనే కొత్త పన్ను పాతదాన్ని మించుతుంది. అంటే బూడిద ఎక్కువుండే నాసిరకం బొగ్గుకు రాయితీ, మేలురకానికి వడ్డింపు!

ఆ సెస్సు 2010లో 50 రూపాయలతో మొదలైంది. 2014లో 100, 2015లో 200, 2016లో 400 అయింది. పొగ వదిలేవాడు డబ్బు కట్టాలి, ఆ డబ్బుతో స్వచ్ఛమైన కరెంటు రావాలి అన్నది ఉద్దేశం. జరిగిందేమిటి? 2010–11 నుంచి 2017–18 దాకా 86 వేల కోట్లకు పైగా వసూలైంది. స్వచ్ఛ ఇంధన నిధికి చేరింది 30 వేల కోట్ల లోపే. ఖర్చయింది 16 వేల కోట్ల లోపే. 2017 తర్వాత ఆ సొమ్ము జి.ఎస్.టి. పరిహారం ఖాతాలోకి మళ్ళింది. కరెంటు బిల్లుల్లో ఆ భారం మోసింది మాత్రం మనమే.

“మిల్లు కార్మికుల సంఘం పన్ను వెయ్యమని అడగడమేమిటి?” అని గేటు దగ్గర కొందరు మమ్మల్ని నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది.

గాలిలో తేమ తగ్గితే నూలు తెగుతుంది. అందుకని రింగ్ ఫ్రేముల హాలులో తేమ పెడతారు. బయట ఎండ మండే నెలల్లో ఆ తడి ఉక్కలో ఎనిమిది గంటలు నిలబడడం ఎలా ఉంటుందో మీకు మేము చెప్పనక్కరలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే గాలి, వేడి గురించి 13వ సెక్షను, కృత్రిమ తేమ గురించి 15వ సెక్షను ఉండేవి. అవి రాసిననాటి ఎండలు వేరు. 2024 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోతే కుటుంబానికి 4 లక్షలు. మంచిదే, కాని మనకు కావలసింది బతికుండగా రక్షణ. ఇంటికెళితే కృష్ణగిరి పక్క బెంగళూరా మామిడి తోటల్లో పూత మాడి రాలుతోంది. మిల్లు జీతం చాలక ఆ తోటల్నే నమ్ముకున్న కుటుంబాలు మనలో తక్కువేమీ కాదు.

యజమానికి నీతులు చెప్పి లాభం లేదు, లెక్క చూపాలి. 1990లలో తమిళనాడు మిల్లు యజమానులు ముప్పందల్‌లో గాలిమరలు ఎందుకు పెట్టారు? భూమాత మీద ప్రేమతోనా? పన్ను రాయితీ, కరెంటు కోత రెండూ కలిసి లెక్క కుదిరింది గనుక. దూది తర్వాత మిల్లుకు పెద్ద ఖర్చు కరెంటే. పొగకు ధర కడితే పాత మోటార్లు మారతాయి, సౌర ఫలకాలు కప్పెక్కుతాయి.

2023 జూన్‌లో కేంద్రం కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం ప్రకటించింది. జౌళి పరిశ్రమ అందులో ఉంది, కరెంటు ఉత్పత్తి కేంద్రాలు తొలి జాబితాలో లేవు. అతి పెద్ద పొగగొట్టాన్ని వదిలేసి మన మిల్లును కొలవడం ఏం న్యాయం? పైగా లక్ష్యం కంటే తక్కువ పొగ వదిలిన మిల్లుకు అమ్ముకోదగ్గ సర్టిఫికెట్లు వస్తాయి. ఆదా చేసే చెయ్యి కార్మికుడిది, సొమ్ము యాజమాన్యానిది. మనం వసూలు చేయకపోతే యూరప్ చేసుకుంటుంది. 2026 జనవరి నుంచి ఉక్కు, అల్యూమినియం మీద సరిహద్దు సుంకం అమలులోకి వచ్చింది. గుడ్డ ఇంకా ఆ జాబితాలో లేదు. హోసూరు సిప్‌కాట్‌లో ఇనుముతో పనిచేసే మన సోదరులు మాత్రం దీన్ని గమనించాలి.

కాబట్టి బొగ్గు సెస్సు తిరిగి రావాలంటున్నాం, కాని పాత పద్ధతిలో కాదు. వసూలైన ప్రతి రూపాయికీ ఏటా బహిరంగ లెక్క ఉండాలి. అందులో ఒక వాటా చిన్న ఇళ్ళ కరెంటు బిల్లు తగ్గింపుకు పోవాలి. ఇంకొక వాటా మిల్లు హాళ్ళలో చల్లదనానికి, యంత్రాలు మారినప్పుడు పని పోయేవారి జీతానికి, కొత్త పని శిక్షణకు కేటాయించాలి. కార్బన్ పేరు చెప్పి లే ఆఫ్ చేస్తే ఒప్పుకునేది లేదు.

ఈ కోర్కెలతో మహజరు తెలుగులోనూ తమిళంలోనూ తయారైంది. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర మన వాళ్ళుంటారు. చదివి, సందేహముంటే అడిగి, ఆ తర్వాతే సంతకం చేయండి.