నాలుగు గుంతల లెక్క

సావనీరుకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగినప్పుడు, ఓ కవిత రాసి తప్పించుకుందామనుకున్నాను. కవిత రాలేదు. కొన్ని నెలలుగా నా బుర్రలో తిరుగుతున్నదంతా కంప్యూటర్ లెక్కల గొడవే కనుక దాన్నే రాస్తున్నాను. ఆర్ట్స్ గ్రూపు మిత్రులు పేజీ తిప్పెయ్యనక్కర్లేదు. ఇందులో లెక్కలకంటే మిర్చి టిక్కీలే ఎక్కువ.

రాత్రి పదింటికి మన హాస్టల్లో ఏ గదిలోకి తొంగి చూసినా ఒకటే దృశ్యం. నలుగురు మంచాల మీద కూర్చుని డేటా స్ట్రక్చర్ల లెక్కలు, ఆల్గారిథమ్‌ల లెక్కలు వల్లె వేస్తుంటారు. ఎక్కడో ఎవరో తయారుచేసిన నూటయాభై లెక్కల జాబితా ఒకటుంది. అవి వస్తే ఉద్యోగం వచ్చినట్టేనని సీనియర్ల మాట. ఫలానా లెక్కకు ఫలానా ప్రోగ్రాం, అంతే. ఇంటర్లో గైడు బట్టీ కొట్టిన పద్ధతే ఇది. అప్పుడు కాగితం మీద కక్కేవాళ్ళం, ఇప్పుడు తెర మీద కక్కుతున్నాం. ఇలా అంటున్నందుకు మిత్రులు నా మీద కోపగించుకోవద్దు. ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి. నూటపది దాకా బట్టీ పట్టాను.

ఆ నూటపదితోనే ఒక కంపెనీ పరీక్షకు వెళ్ళాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, తప్పు వాళ్ళది కాదు. ప్రశ్న ఇది. ఒక వరసలో పార్శిళ్ళున్నాయి, ఒక్కోదాని బరువు వేరు. వరస తప్పకుండా రోజుకొక ఓడ చొప్పున ఎక్కించి అయిదు రోజుల్లో అన్నీ చేరవెయ్యాలి. ఓడ కనీసం ఎంత బరువు మొయ్యగలిగి ఉండాలి? నేను చదివిన జాబితాలో ఓడల్లేవు. గంటన్నర కూర్చుని, రాసింది కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి సున్నాతో బయటికొచ్చాను. వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు పోతున్న లారీలు వరసగా కనపడ్డాయి. ఓడ అంటే లారీయేనని అప్పటికీ నాకు తట్టలేదు!

ఆ వారం ఊరికి పోయాను. మా ఊరు దర్శి దగ్గర. బోరు నుంచి పై చేలోకి భూమిలో వేసిన గొట్టం ఎక్కడో పూడిపోయి, మోటారు వేస్తే చివర బొట్టు రావడం లేదు. ఇరవై అడుగుల గొట్టాలు అరవై కలిపిన లైను అది. పైన మిర్చి తోట వాడిపోతోంది. గడ్డపార తీసుకుని బోరు దగ్గర మొదటి జాయింటు కాడ తవ్వబోయాను. మా నాయన ఆపాడు.

"యాడ తవ్వుతున్నావురా?"

"మొదటి నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటా పోదాం నాయనా."

"అట్టయితే తోట ఎండిపోయినాక దొరుకుద్ది. నడిమికి రా."

సగం దూరం నడిచి ముప్పయ్యో గొట్టం చివర తవ్వాం. జాయింటు కోసి మోటారు వేస్తే నీళ్ళు చిమ్మినయ్యి. అంటే అడ్డం ఆ పైనే ఉంది. మిగిలిన ముప్పైలో మళ్ళీ నడిమికి పోయాం. అక్కడ నీళ్ళు రాలేదు. ఇక ఈ పదిహేనులోనే. ఇంకో గుంత, ఇంకో గుంత. నాలుగు గుంతలకల్లా నాలుగు గొట్టాల మధ్యకు తెచ్చాడు. ఆ నాలుగూ విప్పితే తుమ్మవేరు లోపలికి దూరి, దానికి మట్టి పట్టి, బిరడా వేసినట్టుంది. కోసిన ప్రతి చోటా ఒక కప్లింగు ఖర్చు, గుంతకో గంట కూలి. నాయన లెక్క అదీ. అరవై జాయింట్లకు అరవై తవ్వాల్సిన పనిలేదు, ఎంత అదృష్టం బాగాలేకపోయినా ఆరుతో తేలిపోతుంది. పుస్తకంలో దీన్ని బైనరీ సెర్చ్ అంటారు. నా నూటపదిలో అది మొట్టమొదటి లెక్క.

గుంత పూడ్చేటప్పుడు ఓడల లెక్క గుర్తొచ్చింది. ఫలానా జాయింటు దాకా నీళ్ళు వచ్చాయంటే దాని వెనకవాటి అన్నిటికీ వచ్చినట్టే. అలాగే పది టన్నుల లారీతో అయిదు రోజుల్లో పని తెమిలితే పదకొండు టన్నుల లారీతోనూ తెములుతుంది. ఇక నడిమి బరువు ఒకటి పట్టుకుని టిక్కీలు ఎక్కించి చూడ్డమే. సరిపోతే కిందికి, చాలకపోతే పైకి. అది గొట్టంలో అడ్డం వెతకడం లాంటిదే. బైనరీ సెర్చ్ అంటే అంకెల జాబితాలో అంకె వెతకడమని నేను బట్టీ పట్టాను. జాబితా లేకపోయేసరికి చేతులు పడిపోయాయి. ఏడో తరగతితో బడి మానేసిన మా నాయనకు జాబితా ఎప్పుడూ లేదు కనుక, ఆయనకు ఆ ఇబ్బంది రాలేదు.

నా వాదన ఇంతే. ఈ లెక్కలు ఎక్కడో విదేశాల్లో పుట్టి మన నెత్తిన పడ్డవి కావు. పేర్లు ఇంగ్లీషువి, పనులు మన ఊళ్ళలో రోజూ జరిగేవి. పాఠం అక్కడి నుంచి మొదలుపెడితే బట్టీ అవసరం సగానికి తగ్గుతుంది.

స్టాక్ అనే మాటకు మన పుస్తకాల్లో పళ్ళేల బొమ్మ ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన పళ్ళేలు ఎవరింట్లో చూశాం? కోల్డ్ స్టోరేజీకి పోయి చూడండి. చివర వేసిన టిక్కీ ముందు దిగుతుంది. ముందు వేసిన మా సరుకు కావాలంటే దాని మీదున్న పరాయి సరుకంతా హమాలీలు దించి, మాది తీసి, మళ్ళీ పేర్చాలి. ధర పెరిగిన రోజున ఆ గంటల ఆలస్యం విలువెంతో మిర్చి రైతునడిగితే చెబుతాడు. స్టాక్ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ కొంప ముంచుతుందో రెండూ అక్కడే తెలుస్తాయి.

ట్రీ అనేదీ అంతే. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్ళు వదిలారు. కుడి కాలువ నుంచి దర్శి బ్రాంచి, బ్రాంచి నుంచి మేజర్లు, మేజర్ల నుంచి మైనర్లు, మైనర్ల నుంచి పంట కాలువలు. వేరు పైన, ఆకులు కింద. ఒక్క తూము మూస్తే దాని కింది కొమ్మంతా ఎండుతుంది. నీళ్ళు రాకపోతే మా ఊరి రైతులు పైనుంచి ఒక్కో కొమ్మా వెతుక్కుంటూ దిగరు. తమ చేను నుంచి ఎగువకు నడుస్తారు, ఎందుకంటే ఆకు నుంచి వేరుకు దారి ఒక్కటే ఉంటుంది. పైనుంచి వెతికితే ఎన్ని చీలికలు తిరగాలో! పరీక్షలో ఈ ప్రశ్నకు పది మార్కులు. లస్కరుతో పోట్లాటకు బయలుదేరిన రైతుకు ఇది కాళ్ళ నొప్పి తగ్గించుకునే ఉపాయం.

క్యూ సంగతి చెప్పక్కర్లేదు, ఎరువుల దుకాణం ముందు నిలబడినవాళ్ళందరికీ అది వచ్చు.

గ్రీడీ పద్ధతి అని ఇంకొకటుంది. ఆశపోతు పద్ధతి అందాం. అప్పటికి కంటికి పెద్దదిగా కనపడ్డదాన్ని పట్టుకోవడం. నాలుగు, మూడు, ఒక కిలో రాళ్ళతో ఆరు కిలోలు తూచాలంటే, ఆశపోతు ముందు నాలుగు వేస్తాడు, తర్వాత ఒకటి, మళ్ళీ ఒకటి. మూడు రాళ్ళు. మూడు కిలోలవి రెండు వేస్తే రెండు రాళ్ళతో పోయేది. పోయిన ఏడాది ధర చూసి ఈ ఏడాది అందరం మిర్చే వేసినప్పుడు మాకు జరిగేది ఇదే. ధర పడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. రైతును ఆశపోతు అనడం నా ఉద్దేశం కాదు. పక్క మండలంలో ఎవరేం వేస్తున్నారో తెలియనివాడికి ఇంకో పద్ధతి ఎక్కడుంది? ముందుచూపుతో లెక్క వెయ్యాలంటే ముందు సమాచారం చేతిలో ఉండాలి గదా.

మన పెద్దలు ఈ దారిలో ఎంత దూరం నడిచారో కూడా మనకు చెప్పేవాళ్ళు లేరు. పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలో మహావీరుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేశాడు. చదరంగం అరవైనాలుగు గళ్ళలో గింజలు రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని చెప్పే పద్యం ఒకటి ఆయన పేరున ప్రచారంలో ఉంది. శరములంటే అయిదు, శశి అంటే ఒకటి, ఇలా మాటల్లో దాచిన అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే 18446744073709551615 వస్తుంది. ఈ నాటి 64 బిట్ల యంత్రంలో ఒక గడిలో పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య సరిగ్గా ఇదే. తెలుగు లెక్చరర్ గారు ఈ పద్యాన్ని, కంప్యూటర్ లెక్చరర్ గారు ఈ సంఖ్యను ఒకే గంటలో, ఒకే నల్లబల్ల మీద చెబితే వినాలని నా కోరిక.

గడిలో పట్టనంత సంఖ్య వస్తే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. జాన్ బెంట్లీ అనే ఆయన ఉద్యోగాల్లో ఉన్న ప్రోగ్రామర్లకే బైనరీ సెర్చ్ రాయమని రెండు గంటలు టైమిస్తే, నూటికి తొంభైమంది రాసినదాంట్లో తప్పులు తేలాయట. ఆయన 1986 నాటి పుస్తకంలోని ప్రోగ్రాంలోనే ఒక తప్పు దాగి ఉంది. జావా భాషతో పాటు వచ్చే ప్రోగ్రాంలోనూ అదే తప్పు దాదాపు తొమ్మిదేళ్ళు పడుకుని, చివరికి ఎవరి ప్రోగ్రామో చెడగొట్టినప్పుడు బయటపడింది. దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో ఆ సంగతి తానే లోకానికి చెప్పాడు. తప్పేమిటంటే, నడిమి చోటు కోసం మొదలు, చివర కలిపి రెండుతో భాగించడం. వంద కోట్లు దాటిన జాబితాల్లో ఆ కూడిక 214 కోట్ల చిల్లర హద్దు దాటి మైనస్ అంకె అయి కూర్చుంటుంది. చివరలోంచి మొదలు తీసేసి, అందులో సగాన్ని మొదలుకు కలిపితే సరి. మా నాయన చేసిందీ అదే. ఉన్న చోటి నుంచి మిగిలిన దూరంలో సగం నడిచాడు.

ఈ రోజుల్లో యంత్రాన్నడిగితే ఈ ప్రోగ్రాం క్షణంలో రాసిపెడుతుంది, ఇంత తంటా ఎందుకని ఒక మిత్రుడు నాతో వాదించాడు. రాసిపెడుతుంది, నిజమే. మరి అది రాసినదాంట్లో కూడిక ఎక్కడ పొంగుతుందో చూసేదెవరు? బట్టీ పట్టినవాడికి అది కనపడదు. పైగా బట్టీ పట్టింది అప్పజెప్పడంలో యంత్రంతో మనం పోటీ పడగలమా?

"నీతులు బాగానే ఉన్నాయి, ముందు ఉద్యోగం కావాలి గదరా" అంటాడు నా రూమ్మేటు. ఉద్యోగం నాకూ కావాలి. మా ఇంట్లో అప్పుంది, నా చదువు మీదే ఆశ ఉంది. కనుక జాబితాలు తగలెయ్యమని నేననను. రోజూ చెయ్యాల్సిందే, చేతికి వేగం రావాల్సిందే. అయితే ఒక్కో లెక్క దగ్గరా ఆగి, ఇది మా ఊళ్ళో ఎక్కడుందని అడుక్కోవడం మొదలుపెట్టాక నాకు వారానికి పది కాదు, మూడే అవుతున్నాయి. ఆ మూడూ మాత్రం మర్చిపోవడం లేదు. రెండోసారి పరీక్షలో నెగ్గానా అంటే, అది ఇంకా రాయలేదు.

విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. వార్షికోత్సవం పందిరి ఖర్చులో వెయ్యో వంతు కూడా కాదు. శనివారం సాయంత్రం ఒక గది, ఒక నల్లబల్ల, డబ్బా సుద్దముక్కలు ఇప్పించండి. కంప్యూటర్లు అక్కర్లేదు. వచ్చేవాళ్ళు తలా ఒక లెక్క తమ ఊరి నుంచి తేవాలి. ఆర్ట్స్ వాళ్ళూ రావచ్చు, లెక్చరర్లు వస్తే మరీ సంతోషం.

మొదటి శనివారానికి నా లెక్క తయారుగా ఉంది. కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు అయిదేసి ఎత్తున పేరుస్తారనుకుందాం. ఏ రైతు ఏ రోజున తన సరుకు అడుగుతాడో ముందు తెలియదు. దించి ఎక్కించే పని అతి తక్కువ కావాలంటే, వచ్చిన టిక్కీని వచ్చినట్టు ఏ దొంతర మీద వెయ్యాలి? మా నాయననడిగాను. కాసేపు ఆలోచించి, "ఎవరికి అప్పు ఎక్కువుందో వాడిది పైన వెయ్యాల, వాడే ముందొస్తాడు" అన్నాడు.