బంతుల బల్ల చుట్టును పొగ

క్రిందటి మాసమున మా చెల్లెలు నాకొక యుత్తరము వ్రాసెను. అందలి సంగతి యొక్క యింటికి సంబంధించినది కాదని తోచి, ఆమె యనుమతితోడనే యిచ్చట ముచ్చటించుచున్నాను. పేరులును ఊరును మాత్రము చెప్పను.

మా చెల్లెలి కుమార్తెకు 17 ఏండ్లు. ఇంటర్మీడియెట్ చదువుచున్నది. రెండేండ్లనుండి పూల్ అను బంతులాట నేర్చుకొనుచున్నది. ఈ యాట నెఱుగని సోదరీమణుల కొఱకు రెండు మాటలు చెప్పెదను. గుడ్డ బిగించిన బల్ల యొకటి. దాని మూలలను ప్రక్కలను కలిపి 6 జేబులు. అంకెలు వ్రాసిన బంతులు 15, తెల్లబంతి యొకటి. క్యూ అను పొడవైన కఱ్ఱతో తెల్లబంతిని కొట్టి, దానిచేత తక్కిన బంతులను జేబులలో పడగొట్టవలెను. స్నూకరు దీనికి అన్న వంటిది. బల్ల 12 అడుగుల పొడవు, బంతులు 22. దేహబలముతో అంతగా పని లేదు. కన్ను కుదురుగా నుండవలెను, చేయి వణకరాదు, ఓర్పు కావలెను. చుక్కలు పెట్టి ముగ్గు వేయు చేతికిది రాని విద్య కాదని ఆ పిల్ల యాట చూచిననాడే నే ననుకొంటిని.

ఆ పట్టణమున నొక యంగడి మేడమీద నీ యాటశాల కలదు. చల్లదనము పోవునని కిటికీ లెప్పుడును తెఱవరు. గత వేసవిలో నచ్చట రెండు దినముల పోటీ జరిగెను. ఆటగాండ్రందఱిలో ఆడపిల్లలు ఇద్దఱే. మొదటి దినమున మా పిల్ల రెండాటలు గెలిచెను. రెండవ దినము సాయంకాలమునకు జనము హెచ్చిరి, సిగరెట్లును హెచ్చెను. పిల్లకు చిన్ననాటినుండి ఉబ్బసము. మూడవ యాట నడుమ ఊపిరి యందక రెండు మాఱులు మందు పీల్చుకొన్నది. అయినను నిలువలేక, పోటీ నడుపువారియొద్దకు పోయి, “అయ్యా, ఈ యాట ముగియువఱకైనను పొగ మాన్పింపుడు” అని యడిగినది. ఆయన నవ్వి, “ఇది బంతులాట యమ్మా, భజనమందిరము గాదు” అనెనట. పిల్ల క్యూ నచ్చటనే గోడకానించి మెట్లు దిగి యింటికి వచ్చినది. ఎదుటివానికి గెలుపు వ్రాసికొనిరి.

ఇంటిలో తండ్రి చేసిన తీర్పు మీ రూహింపగలరు. “అది ఆడపిల్లలు పోదగిన చోటు కాదని నేను ముందే చెప్పితిని గదా!” మా చెల్లెలు నన్ను, “అక్కయ్యా, నీవు నాలుగు పుస్తకములు చదివినదానవు. ఆట మాన్పింపు మందువా, వలదందువా?” అని యడిగినది.

ఇట్టి సందర్భములలో మన యిండ్లలో తీర్పు చాల తొందరగా జరుగును. దారిలో పోకిరీ లున్నచో కళాశాల మాన్పింతుము. బస్సులో తోపులాట యున్నచో ఉద్యోగము మాన్పింతుము. చెడుగును కదలించుట కష్టము, పిల్లను కదలించుట సులభము. అందుచేత పిల్లనే కదలింతుము. తప్పు పొగది, శిక్ష పిల్లది.

చెల్లెలికి జవాబు వ్రాయుటకు ముందు, ఈ యాటకును పొగకును ఇంతటి చుట్టఱికమెట్లు కుదిరినదా యని విచారించితిని. స్నూకరు పుట్టినది మన దేశముననే. 1875 లో జబల్పూరు దండులోని ఆంగ్లేయ సేనానులు వానకాలమున ప్రొద్దుపోక దీనిని కల్పించిరనియు, నెవిల్ చాంబర్లేన్ అను యువసేనాని దీనికి కర్త యనియు చెప్పుదురు. (తరువాతి కాలపు ప్రధానమంత్రి చాంబర్లేను వేఱు.) నియమములు వ్రాసి గోడకు తగిలించినది ఉదకమండలపు క్లబ్బులో. అప్పటి ఇంగ్లండు సంపన్నుల గృహములలో బిలియర్డు గదియు, పొగత్రాగు గదియు ప్రక్కప్రక్కన నుండెడివి. రాత్రి భోజనమైన పిమ్మట స్త్రీలొక గదికిని, పురుషులు వేఱొక గదికిని పోయెడివారు. స్త్రీల గదులకు పొగ సోకకుండుటకై పొగ కొక చోటేర్పఱచిరి. పిదప పొగ యున్న చోటికి స్త్రీలు రారాదనిరి. మర్యాదగా మొదలైనది మెల్లగా నిషేధమైనది. మా మరిది యాడిన మాట అచ్చటినుండియే వచ్చినది కాబోలు! పాపము, ఆయన కా సంగతి తెలియదు.

ఇక ధనము కథ. బ్రిటనులో 1965 లో టెలివిజనునందు సిగరెట్ల ప్రకటనలు నిషేధించిరి. ముందు తలుపు మూసినచో పెరటి తలుపు వెదకుట వ్యాపారికి సహజము. కంపెనీలు ఆటలను పట్టుకొనెను. ప్రపంచ స్నూకర్ పోటీ 1976 మొదలు 2005 వఱకు ఎంబసీ యను సిగరెట్టు పేరుతోనే జరిగినది. షెఫీల్డు నగరమున క్రూసిబుల్ అను నాటకశాలలో ఆటగాండ్రు బంతులు కొట్టుచుండగా ఇంటింట టెలివిజనులో ఆ పేరు కనబడుచుండెను. ప్రకటన నిషిద్ధము, పోటీ పేరు మాత్రము నిషిద్ధము గాదు! 2002 నాటి చట్టముతో ఆ ముడి వీడుటకు మఱి మూడేండ్లు పట్టెను. ఆ కాలపు మేటి యాటగాడు అలెక్స్ హిగ్గిన్స్ 1972 లోను, 1982 లోను ప్రపంచ విజేత. ఆట నడుమ సిగరెట్టు కాల్చుచుండుట ఆయన చిత్రమునకే గుఱుతుగా నుండెడిది. 1998 లో గొంతున కేన్సరు కనబడెను. 2010 లో, 61వ యేట, బెల్ఫాస్టున ఒంటరిగా మరణించెను. ఆయన యాట చూచి మురిసినవారు లక్షలు.

ఆయన తన పొగ తాను త్రాగెను. నా విచారము ప్రక్కవారిని గూర్చి. పొగ రెండు విధములు: త్రాగువాడు పీల్చి వదలునది యొకటి, రెండు దమ్ముల నడుమ కాలు కొననుండి ఊరక లేచునది యొకటి. గదిలో నిండునది హెచ్చుగా రెండవదే. అందులో 7000 కు మించిన రసాయనము లున్నవనియు, సుమారు 70 కేన్సరు గలిగించునవే యనియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

సోదరీమణులారా, ఇచ్చట జపానుదేశపు గృహిణుల కథ చెప్పక ముందునకు పోజాలను. హిరయామ యను వైద్యుడు 40 ఏండ్లు దాటిన 91,540 మంది భార్యలను, తాము పొగత్రాగని వారిని, 1966 మొదలు 14 సంవత్సరములు గమనించెను. వారి భర్తలు దినమునకెన్ని సిగరెట్లు కాల్తురో వ్రాసికొనెను. 1981 లో ఫలితము ప్రకటించెను. దినమునకు 20 గాని యంతకు మించి గాని కాల్చువారి భార్యలకు ఊపిరితిత్తుల కేన్సరు, పొగత్రాగనివారి భార్యల కంటె సుమారు రెండింతలుగా నుండెను. భర్త కాల్చిన కొలది భార్యకు ముప్పు. కంపెనీల పక్షమువారు లెక్కలు తప్పనిరి; తరువాత ఇతర దేశములలో జరిగిన పరిశోధనలు ఆయన మాటనే బలపఱచినవి. ఆ తొంబదియొక వేలమందిలో ఒక్కతెయు అగ్గిపుల్ల గీయలేదు. వంట చేసిరి, వడ్డించిరి, భర్త ప్రక్కన కూర్చుండిరి, అంతియే. నేనీ లెక్క చదివిననాటి రాత్రి చాలసేపు నిదురపోలేదు.

ఆటశాల యజమానులు చెప్పు మాటలును వినవలెను గదా. గాలిమరలు పెట్టితిమందురు. పొగత్రాగువారి కొక మూల కేటాయించితిమందురు. అమెరికా ప్రభుత్వపు ముఖ్య వైద్యాధికారి 2006 లో వెలువఱచిన నివేదికలో ఈ రెండిటికిని జవాబున్నది: ఇంతవఱకు హానిలేదను హద్దు పరుల పొగకు లేదు, మరలచేత గాలి శుద్ధిపడదు, ఒకే గదిలో వేఱు మూలలు చాలవు. శాస్త్రము లేకున్నను వంటయింటి యాడువారికిది తెలిసినదే. పోపు మాడినచో ముందుగదిలోని వాడు తుమ్మడా?

“మా స్థలము, మా యిష్టము, నచ్చనివారు రావలదు” అనునది రెండవ వాదము. ఆటగాడు రాకుండవచ్చును. మార్కరు మాటేమి? బంతులు పేర్చుచు, లెక్క వ్రాయుచు, దినమంతయు నా గదిలో నిలుచుండు కుఱ్ఱవాడతడు. నచ్చలేదని పోయినచో సాయంకాలము వాని యింటిలో పొయ్యి వెలుగదు. వాని నెవరు నడిగిరి?

మూడవ వాదమున కొంత న్యాయము కలదు. అలవాటుపడినవానికి గంటలకొలది పొగ లేకున్న చేయి వణకును, మనస్సు నిలువదు, ఆట చెడును. నిజమే. వ్యసనపరుని నేను తూలనాడను. విడిపించుకొనుట యెంత కష్టమో చూచినదానను. కాని మందు సులభము. ఆటకు ఆటకు నడుమ పది నిమిషములు విడుపు ఇచ్చినచో, కావలసినవాడు మెట్లు దిగి వీధి బయటి గాలిలో కాల్చుకొని రావచ్చును. ఒకని చేయి వణకకుండుటకు వేఱొకతె యూపిరి యాగవలయునా?

దేశదేశములును ఇట్లే నిర్ణయించినవి. కాలిఫోర్నియా రాష్ట్రము 1998 లో పానశాలలయందు సైతము పొగ మాన్పినది. ఐర్లండు 2004 లోను, స్కాట్లండు 2006 లోను, ఇంగ్లండు 2007 జులై 1 నాడును ఆ పని చేసినవి. స్నూకరు క్లబ్బులవారు తమ వ్యాపారము చెడునని గగ్గోలు పెట్టిరి. ఆట మాత్రము చావలేదు. నెవాడాలోని జూదశాలలలో నేటికిని త్రాగవచ్చును. జూదశాలను మనకు మేలుబంతిగా నెవరును చూపరు గదా.

మన దేశమున 2003 లో చట్టము వచ్చినది. 2008 అక్టోబరు 2 నుండి, గాంధీ జయంతినాటినుండి, కొత్త నియమములు అమలునకు వచ్చినవి. బహిరంగ స్థలములను గూర్చి చెప్పునపుడు వినోదశాలలను ఆ చట్టము పేరుపెట్టి చెప్పినది. జరిమానా 200 రూపాయలవఱకు. కర్ణాటకము దానిని వేయికి పెంచినది. యజమాని చేయవలసిన పనులును కలవు: 60 సెంటిమీటర్ల వెడల్పు, 30 సెంటిమీటర్ల యెత్తునకు తక్కువకాని హెచ్చరిక పలక కట్టవలెను, ఫిర్యాదు ఎవరితో చెప్పుకొనవలెనో వారి పేరు వ్రాసి పెట్టవలెను, బూడిదపళ్ళెములు, అగ్గిపెట్టెలు సమకూర్పరాదు. ఈ నియమములను చదివిన తరువాత మా పిల్ల యడిగినది భిక్ష కాదనియు, ఆయన నవ్వి త్రోసివేసినది దేశపు చట్టమనియు నాకు తెలిసినది. సభలో నొక స్త్రీ ధర్మమడిగినపుడు పెద్దలు తలలు వంచుకొన్న కథ మనకు కొత్తది కాదు. ఇంత చిన్న సంగతి కా పెద్ద కథ యేల యందురా? సరే, విడిచెదను.

మా బంధువొకాయన, చరకుడు ధూమపానము చెప్పియున్నాడు సుమా యని నాతో వాదించెను. చరకుడు చెప్పినది ఓషధుల వర్తి. పొగాకు పోర్చుగీసువారితో వచ్చినది. ఆయన మఱల మాటాడలేదు.

ఇంకొక్కటి దాచరాదు. మా పుట్టినింటివారు ఒంగోలు ప్రాంతమున పొగాకు పండించినవారు. నా పెండ్లికి వచ్చిన చీరలు పొగాకు ధనముతోనే వచ్చినవి. ఆ రైతు కష్టము నే నెఱుగుదును, అతని పంటను శపింపను. అయినను, నేను తినిన యన్నము నాచేత అబద్ధము పలికింపరాదు గదా.

ఆడపిల్లల చోటు కాదను మాటకు వేఱే జవాబక్కఱలేదు. 2017 లో సింగపూరున జరిగిన ప్రపంచ మహిళా స్నూకరు పోటీలో తుది యాటవఱకు పోయి, 6–5 తేడాతో మాత్రమే ఓడిన విద్యా పిళ్ళై మన దేశపు స్త్రీయే.

చెల్లెలికి వ్రాసితిని: ఆట మాన్పింపవలదు. పిల్లచేతనే ఆ శాలవారికొక విన్నపము వ్రాయింపుము, నియమములు ఉదహరింపుము, కోపపు మాట యొక్కటియు వలదు, విడుపు సంగతియు చేర్పుము, మార్కరును మఱవవలదు. దాని క్రింద, చాల తడబడి, ఇంకొక వాక్యము చేర్చితిని. ఆమె యుత్తరమున నడుమ నెక్కడనో, “ఆయన రాత్రి భోజనమై ముందుగదిలో సిగరెట్టు కాల్చుచు క్రికెట్టు చూచుచుండగా ఈ సంగతి చెప్పితిని” అని యున్నది. పిల్ల పడుకొనునది ఆ ప్రక్కగదిలోనే. ఆటశాలలో నెలకు రెండు దినములు. ఇంటిలో ముప్పది దినములు. మరిదిగారికి నేను చెప్పదగినదానను గాను. మా వారు బడిపిల్లలకు చెప్పినట్లు నెమ్మదిగా ఫోనులో చెప్పిరి. ఆయన ఔననలేదు, కాదనలేదు.

నిన్న జవాబు వచ్చినది. విన్నపము నిచ్చిరి. శాలవారు “చూతము” అనిరి. వచ్చే మాసమున మఱల పోటీ యున్నది, పిల్ల పేరిచ్చినది. మరిది పది దినములుగా రాత్రులు సిగరెట్టు తీసికొని డాబామీదికి పోవుచున్నాడట. మొన్న వాన కురియుచుండగా పిల్లయే తండ్రికి గొడుగు తీసికొనిపోయి యిచ్చి, తలుపు చేరవేసి వచ్చినదట.